మా తాత గొర్రెలు నేర్చుకున్న టీవీ గేము పాట

మా చిన్నప్పుడు హోసూరు దగ్గర జవళగిరి అడవి పక్కన మా ఊళ్ళో కరెంటు పోయిందంటే టీవీ గేము ఆగిపోయేది... దాని పాట మాత్రం ఆగేది కాదు. మా మునెప్ప చిన్నాయన పిల్లనగ్రోవి తీసి అందుకునేవాడు.

ఆ గేము మా హోసూరు అత్త ఇచ్చింది. వాళ్ళ పిల్లలు ఆడి ఆడి విసిగిపోయాక ఒక పసుపు క్యాసెట్టు, బటన్లు అరిగిపోయిన జాయ్‌స్టిక్కు మా ఇంటికి చేరాయి. బ్లాక్ అండ్ వైట్ టీవీలో ఒక పొట్టి మనిషి గోడలు దూకుతూ పోయేవాడు. నేనూ మా తమ్ముడూ మొదటి స్టేజీ ఏనాడూ దాటలేదు. మేము గుంతలో పడకపోతే కరెంటు పోయేది... అందుకే మాకు తెలిసింది ఆ మొదటి స్టేజీ పాటొక్కటే.

చిన్నాయన జాయ్‌స్టిక్కు ముట్టుకునేవాడు కాదు. "ఆ దూకేది మీరు దూకండప్పా, నేను పాట వింటా ఉంటాను" అని గోడకి ఆనుకుని కూర్చునేవాడు. ఆ పాట వేగం ఊపిరికి అందదు కదా... అందుకని నెమ్మది చేశాడు. ప్రతి వరుస చివరా పండగల్లో డోళ్ళు కొడుతూ పాడే మా పాటల్లో లాగే ఒక పొడుగాటి సాగదీత పెట్టాడు. ఇప్పటి పిల్లలు దీన్నే రీమిక్స్ అంటారు. అవ్వ మాత్రం "ఈనికి మంచి పాటే దొరకలేదా" అని సణిగేది. తాత రాత్రిళ్ళు మంద దగ్గరే పడుకునేవాడు కాబట్టి ఆ పాట ఆయన చెవిన పడలేదు. నాకైతే టీవీలో దానికంటే ఇదే బాగుండేది.

ఆ ఎండాకాలం తాతకి కృష్ణగిరిలో కంటి ఆపరేషన్ అయింది. రెండు నెలలు దుమ్ములోకీ ఎండలోకీ పోకూడదన్నారు. నలభై గొర్రెల మంద చిన్నాయన చేతికి వచ్చింది.

మా ఇళ్ళల్లో మందని పిలవడానికి ఒక పాట ఉంటుంది. సాయంత్రం అది ఊదితే ఎక్కడ మేస్తున్నా గొర్రెలు తలెత్తి వచ్చేస్తాయి. తాతకి అది వాళ్ళ నాయన నేర్పాడు. చిన్నాయన కూడా అదే ఊదాలి... కానీ రెండు నెలలూ రోజూ టీవీ గేము పాటే ఊదాడు. సెలవులు కాబట్టి నేనూ వెంట వెళ్ళేదాన్ని. "తాతకి చెప్పొద్దమ్మా" అన్నాడు. నేనూ నోరు మూసుకున్నాను. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా ఉండేవాళ్ళం.

రెండు నెలలు నిండగానే తాత ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గొంగళి భుజాన వేసుకుని తనే మందని తోలుకుపోయాడు. సద్దిమూట పట్టుకుని నేను వెంట వెళ్ళాను. ఆ రోజు తాత నడక చూడాలి మీరు... పెళ్ళికొడుకు నడకే.

పొద్దు వాలేసరికి మంద ఎండిపోయిన వాగు వంక దాటి అవతలి పొదల్లోకి చెదిరిపోయింది. అప్పుడే అడవి వైపు నుంచి ఒకాయన సైకిల్ మీద గబగబా వచ్చాడు. "మామా, ఏనుగులు పైన నీళ్ళకి దిగినాయి. తొందరగా తోలుకొని పోండి" అని చెప్పి ఆగకుండా వెళ్ళిపోయాడు.

తాత పిల్లనగ్రోవి తీసి తన పాట ఊదాడు. ఒక్క గొర్రె తలెత్తలేదు. మళ్ళీ ఊదాడు... మూడోసారీ ఊదాడు. పొదల్లోకి పోయి తోలుదామంటే కళ్ళు ఇంకా సరిగా ఆనడం లేదు. కేకలేస్తే మంద బెదిరి అడవిలోకే పోతుంది. తాత బండ మీద కూలబడ్డాడు.

"రెండు నెల్లకే నన్ను మర్సిపోయినాయి చూడమ్మా" అన్నాడు. ఆ గొంతు విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. ఏనుగుల భయం కంటే అదే ఎక్కువైంది.

"నిన్ను మర్సిపోలేదు తాతా... చిన్నాయన వేరే పాట నేర్పించినాడు" అని మొత్తం చెప్పేశాను.

తాత తిడతాడనుకున్నాను. "ఏదీ, పాడు" అన్నాడు.

నేను ఒక వరుస పాడాను. "ఇదేం పాటమ్మా, కోడిపిల్లలు నూకలు ఏరినట్టుండాది" అంటూనే పిల్లనగ్రోవి పెదవుల దగ్గర పెట్టుకున్నాడు. తప్పాడు, మళ్ళీ పాడించుకున్నాడు. మూడో వరుసకి ముందు నడిచే ముసలి గొర్రె తలెత్తింది. తర్వాత ఒకటి, ఇంకొకటి... నలభైకి నలభై వంక దాటి వచ్చి మా చుట్టూ నిలబడ్డాయి. ఊరి పొలాల్లోకి చేరాక వెనక అడవిలో కొమ్మలు విరిగిన చప్పుడు విన్నాము.

ఇంటి దగ్గర చిన్నాయన మా మొహాలు చూసి తల దించుకున్నాడు. తాత గొర్రెల్ని దొడ్డిలోకి తోలి, తలుపు వేసి, నెమ్మదిగా అడిగాడు. "ఏరా మునెప్పా, ఆ పాటలో మిగిలింది యాడ?"

మిగిలింది మాకెవరికీ తెలియదు... మేము మొదటి స్టేజీ దాటితే కదా. "సరే, మిగిలింది నేనే పెడతాను" అన్నాడు తాత. మర్నాటి నుంచి మొదటి సగం టీవీ గేముది, రెండో సగం వాళ్ళ నాయన నేర్పిన పిలుపు. రెండింటికీ అతుకు ఎక్కడుందో కనిపించకుండా కలిపేశాడు. మంద వారంలో నేర్చుకుంది.

కొన్నేళ్ళకి హోసూరులో ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాక, ఒక రోజు ఆ గేము పాట మొత్తం దొరికింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. పాట అయిపోయింది... నేను మాత్రం లేవలేదు. తాత ఊదే భాగం ఇంకా రావాలి కదా అని కూర్చున్నాను.

తాత పోయి చాలా ఏళ్ళయింది. మంద కూడా ఇప్పుడు పది గొర్రెలే. మొన్న ఊరికి వెళ్తే చిన్నాయన కూతురు కీబోర్డు మీద ఆ పాట వాయిస్తోంది, రెండు సగాలూ కలిపి. ఎవరిదమ్మా ఈ పాట అని అడిగాను. "మాదే అక్కా" అంది. నేను సరిదిద్దలేదు.

ఎక్కడి నుంచో వచ్చి మీ ఇంటిదైపోయిన పాట మీకూ ఒకటి ఉండే ఉంటుంది... ఎవరు పాడేవాళ్ళో చెప్పండి, వినాలని ఉంది.