అరచేతులు వెచ్చబెట్టుకుని

బర్రె పొదుగులో గడ్డ కడితే నా వేళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. గౌలిపురలో మాది పాల ఇల్లు; పుట్టింట్లోనూ ఇదే పని. ఒక ఉదయం స్నానం చేస్తుంటే అదే గట్టిదనం నా ఎడమ రొమ్ములో తగిలింది. నొప్పి లేదు. అయినా చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది.

మామోగ్రామ్, తర్వాత బయాప్సీ అయ్యాయి. డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పారు: "క్యాన్సరమ్మా. మాస్టెక్టమీ చెయ్యాలి, తర్వాత కీమో." రొమ్ము తీసేశారు. కీమోతో జుట్టు పోయింది, నోరంతా పుండ్లు. రేడియేషన్ అయ్యాక చెయ్యి వాచింది. లింఫెడీమా అన్నారు, ఫిజియోథెరపీ పెట్టారు. ఇవన్నీ ఎలాగో గట్టెక్కాను.

గట్టెక్కనిది ఒకటుంది. ఆపరేషన్ జరిగిన చోట స్పర్శ లేదు. ఆ ఒళ్లు నాది కానట్టే ఉండేది. మా ఆయన చెయ్యి వేస్తే గోడవైపు తిరిగేదాన్ని. ఆ చెయ్యంటే ఒకప్పుడు నాకెంత ఇష్టమో! ఇక ఈ జన్మకు ఇంతేనా అని ఏడుపొచ్చేది. సిగ్గు విడిచి డాక్టరమ్మను అడిగితే, "నంబ్‌నెస్ కొంత ఉండిపోవచ్చు. మరి ఆ మచ్చను మీరైనా తాకుతున్నారా?" అన్నారు. ఎక్కడ! సబ్బు కూడా ఆ పక్కకు పోనిచ్చేదాన్ని కాదు.

మా పెద్ద బర్రె నేను కూర్చుంటే తప్ప సరిగ్గా చేపదు, అంటే పాలు వదలదు. ఇన్నాళ్లూ సగం పాలే ఇచ్చి మా ఆయన్ని సతాయించింది. మళ్లీ పాలు పితకొచ్చని డాక్టరమ్మ అన్నాక ఒక పొద్దున దాని పక్కన కూర్చుని, అలవాటుగా ఒరిగాను. మచ్చ ఉన్న వైపే ఆనింది. కాసేపటికి దాని ఒంటి వేడి నాలోకి దిగింది. మచ్చ అంచున దాని ఊపిరి తెలిసింది. అబ్బ, నేను ఇక్కడ కూడా ఉన్నాను అనిపించింది. బర్రె చేపింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఆ రోజు నుంచి కొబ్బరినూనె రాసుకుని నా మచ్చను నేనే తడుముకున్నాను. కొన్నాళ్లకు మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "గీడ తెలుస్తది, గాడ తెలుస్తలేదు," అని చూపించాను. ఆయన చెయ్యి చాపబోయి ఆగాడు. రెండు అరచేతులూ గబగబా రుద్దుకున్నాడు. చలికాలం పొదుగు ముట్టే ముందు మేమందరం చేసేదే అది. చల్లటి చెయ్యి తగిలితే బర్రె బెదురుతుంది.

"నేనేమన్న బర్రెనా?" అన్నాను, నవ్వాపుకోలేక.

"కాదు గానీ, నువ్వు గూడ బెదురుతున్నవ్ గదా," అన్నాడు.

ఆ వెచ్చదనం కొంత తెలిసింది, కొంత తెలియలేదు. తెలిసినంతకే ఒళ్లు ఝల్లుమంది. ఇంత కోత పడ్డ ఒంట్లో ఇంత సుఖం ఎక్కడ దాగుందా అని ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు చెకప్‌లకు వెళ్లొస్తున్నాను. పాలు నేనే పితుకుతాను, బిందె ఆయన మోస్తాడు. మొన్న పత్తర్‌గట్టిలో ఎర్ర రవిక గుడ్డ కూడా కొనుక్కున్నాను.

నాలాంటి అక్కచెల్లెళ్లకు ఒక్కటే చెబుతాను. మచ్చ మానిందని డాక్టర్ చెప్పాక ముందు మీ చేత్తో మీరే తాకండి. ఎక్కడ తెలుస్తుందో, ఎక్కడ తెలియదో ఇంట్లో మనిషికి నోరు తెరిచి చెప్పండి. చేతులు మాత్రం వెచ్చబెట్టుకుని రమ్మనండి.