అట్టల మాస్టారు

పెద్దచదువుల పుస్తకాలు అచ్చువేసే కంపెనీల నుంచి మా మరిదిగారికి నెలనెలా పార్సిళ్లు వస్తాయి. కాలేజీలో ఆయన్ని అందరూ అట్టల మాస్టారు అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. పార్సిలు విప్పగానే కళ్లజోడు సర్దుకుని, పుస్తకాన్ని బోర్లా తిప్పి, వెనక అట్ట మీది నాలుగు ముక్కలూ పెదవులు కదుపుతూ చదువుతారు. ఇక దాని మీద గంటసేపు మాట్లాడగలరు. "లోపలేముంది నాయనా?" అని అడిగితే, "సారమంతా అట్ట మీదే ఉంటుంది వదినా, మిగతాది కాగితం ఖర్చు" అంటారు.

మొన్న ఆయన శిష్యురాలు పదేళ్లు కష్టపడి రాసిన పుస్తకాన్ని సభలో విడుదల చేశారు. "దారులు, సమూహాలు, ప్రశ్నలు" అని దాని పేరు; దేనికైనా సరిపోతుంది. మాస్టారు పుస్తకం పట్టుకుని లేచి, వెనక అట్ట చూసుకుని, సముద్రం మీద ఓడలు నడిపినవాళ్ల కష్టాలను కళ్లకు కట్టినట్టు చెప్పారు. సభంతా తలలూపింది. ఆ పిల్ల ముఖం మాత్రం పాలిపోయింది. అచ్చువేసినవాళ్లు వేరే పుస్తకం మాటలు తెచ్చి దీని వెనక అట్ట మీద వేసేశారు మరి! "మాస్టారూ, నేను రాసింది చీమల గురించండీ" అంది లేచి. "ఓడల్లో చీమలుండవా అమ్మా?" అన్నారు మాస్టారు తొణక్కుండా. జనం చప్పట్లు కొట్టారు. ఆ పిల్లకు ఒళ్లు మండింది. "పదేళ్లు పుట్టల పక్కన కూర్చున్నానండీ. ఒక్క పేజీ అయినా చదవండి" అంటూ పుస్తకం లాక్కుని, అట్ట మొత్తం చించేసి, మళ్లీ ఆయన చేతిలో పెట్టింది. మాస్టారు దాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు, అలవాటుగా బోర్లా తిప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మైకు ముందు అలాగే నిలబడిపోయారు.