రెట్టా అతుకు

వాల్బుర్గమ్మ వంటింటి బల్లమీదికి బాగుచేయమని ఏ బొమ్మ ఆవిరి ఇంజను వచ్చినా ముందు దాన్ని వెల్లకిలా తిప్పుతుంది. తెచ్చినవాళ్ళు చక్రం చూడమంటారు, కూత చూడమంటారు. ఆవిడ చూసేది నీళ్ళు కాగే బాయిలర్ అడుగు. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో పాత బొమ్మ ఇంజన్లు పోగేసే పిచ్చివాళ్ళందరికీ ఈ అలవాటు తెలుసు. ఎందుకో ఒక్కరికీ తెలియదు, ఆవిడ చెప్పదు.

పదహారో ఏట ఆవిడ బొమ్మల ఫ్యాక్టరీలో చేరింది. పక్క బల్ల దగ్గర అక్క రెట్టా. ఇత్తడి బాయిలర్లకు మూతలు పెట్టి టంకంతో అతకడం ఇద్దరి పని. రెట్టాది ఎడమచేతివాటం. అందరి అతుకూ అడుగున చిన్న తోకలా ఎడమకు తిరిగి ముగిస్తే, ఆమెది కుడికి తిరిగేది. "ఇదేం వంకరమ్మా!" అని మేస్త్రీ రోజూ సణిగేవాడు. తర్వాత యుద్ధం వచ్చింది. ఒక జనవరిలో పడ్డ బాంబులకు ఇల్లూ పోయింది, అక్కా పోయింది. ఒక్క ఫొటో మిగల్లేదు. అక్క చేతిగుర్తు లోకంలో ఎక్కడైనా ఉంటే ఏదో ఒక ఇంజను అడుగునే ఉండాలి. ఇరవై రెండేళ్ళలో మూడు వందల ఇంజన్లు బాగుచేసింది ఆవిడ. అన్ని తోకలూ ఎడమకే.

క్రిస్మస్‌కు ముందు నాలుగో ఆదివారం ఆ ఊళ్ళో అటకల మీంచి ఇంజన్లు దిగుతాయి. ఏడాదంతా తాకని వస్తువును ఆవేళ ఇంటిపెద్ద వెలిగిస్తాడు, ఎక్కడో ఒకచోట పాడుచేస్తాడు. కాబట్టి సోమవారం పొద్దున్నే వాల్బుర్గమ్మ తలుపు దగ్గర తలలు దించుకున్న పెద్దమనుషులు కనబడతారు. ఆ ఏడు మొదట వచ్చినవాడు ట్రాము డ్రైవరు ఎగ్లోఫ్. మంచివాడే గాని నోటికి తాళం లేదు. ఇంజనును తువ్వాల్లో చుట్టి పసిబిడ్డలా ఎత్తుకొచ్చాడు.

"నీళ్ళు ఇగిరిపోయాయా?" అందావిడ.

"మెట్లు కడిగే వంతు తమది కాదంటోందమ్మా పైవాటా ఆవిడ! ఓ మాట అనేసి వద్దామని వెళ్ళా. రెండే నిమిషాలు."

"ట్రాము నిమిషాలా, మనుషుల నిమిషాలా?"

ఎగ్లోఫ్ తువ్వాలు విప్పి ఇంజనును బల్లమీద పెట్టాడు.

"పొయ్యి వెలిగించి పెత్తనాలకు పోతే బాయిలర్ కాలదూ మరి!" అంటూ ఆవిడ ఇంజను తిప్పింది. ఒక మూత అతుకు సగం కరిగి కారిపోయింది. మిగిలిన సగం చివర తోక ఉంది. కుడికి తిరిగి ఉంది.

వాల్బుర్గమ్మ ఇంజను వదలకుండానే కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"పోయిందా అమ్మా?" అన్నాడు ఎగ్లోఫ్. "మా నాన్న కొన్న ఇంజను. ఆయన పోయాక ఒక్క ఏడూ వెలిగించడం మానలేదు."

బాగుచేయడం కష్టమేమీ కాదు. కాకపోతే సగం కొత్తగా, సగం పాతగా వేస్తే ఆవిరికి నిలవదు. అతుకు చుట్టూతా కరిగించాలి. అంటే రెట్టా చేతిగుర్తును తన చేత్తోనే చెరపాలి.

"ఇది నాకు వదిలేయండి," అందావిడ. "ఆ అలమారలో పెద్దదొకటి ఉంది. చక్కగా నడుస్తుంది. తీసుకుపోండి."

అతను పెద్దదాన్ని తలుపు దాకా మోశాడు. మళ్ళీ వెనక్కి తెచ్చి పెట్టాడు. "బంగారంలా ఉందమ్మా. కానీ దీని కూత మా ఇంటి కూత కాదు. మీవల్ల కాకపోతే ఉన్నదున్నట్టే ఇచ్చేయండి. ఆదివారం వస్తా."

వారమంతా ఇంజను కిటికీ దగ్గరే ఉంది. పొద్దున కాఫీ తాగుతూ ఆవిడ ఆ తోకను బొటనవేలితో తడిమేది. నున్నగా, చల్లగా తగిలేది. బాగుకాలేదని చెప్పేస్తే చాలు, అతను నమ్ముతాడు. అడుగు ముక్క కోసి దాచుకుని కొత్తది వేసినా గుర్తుపట్టడు. అంత ఆలోచన వచ్చినందుకు ఆవిడకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

శనివారం మధ్యాహ్నం బంగాళదుంపల సూపు పొంగి పొయ్యి ఆరింది. అది తుడుస్తుంటే అక్క మాట గుర్తొచ్చింది. ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో వాల్బుర్గా తన మొదటి అతుకును అటు తిప్పి ఇటు తిప్పి మురిసిపోతుంటే రెట్టా నెత్తిమీద మొట్టింది.

"ఏమే, అతుకు వేసింది అద్దంలో చూసుకోడానికా, నీళ్ళు నిలవడానికా? కానియ్!"

వాల్బుర్గమ్మ చెయ్యి తుడుచుకుని బల్ల దగ్గర కూర్చుంది. బాయిలర్ కింద ఉండే దీపపు తట్టలో రాలిన టంకం గింజలను సూదితో ఒక్కొక్కటే ఏరింది. కొత్త టంకం ఒక్క గింజ కలపదలుచుకోలేదు. టంకం కరిగించే కడ్డీని ఎర్రబడనివ్వకుండా కాచింది. తర్వాత దాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుంది. అరవై తొమ్మిదేళ్ళ చెయ్యి, ఎప్పుడూ చేయని పని. రెట్టా టంకం ఒక్క క్షణం వెండిలా మెరిసి, కదిలి, పాకింది. ఏడుపొచ్చింది గాని చెయ్యి ఆపలేదు.

ఆదివారం ఎగ్లోఫ్ వచ్చి, ఆవిడను తన ఇంటికే రమ్మని పట్టుబట్టాడు. బాయిలర్‌లో నీళ్ళు పోశాక, దీపం వెలిగించేలోగా ఇంజనును ఎత్తి అడుగు చూశాడు. ఒక్క చుక్క కారలేదు.

"బాగుందమ్మా. కానీ అతుకు కాస్త వంకరగా లేదూ? ఇదిగో, తోక కుడికి తిరిగింది."

"వంకరేం కాదు," అంది వాల్బుర్గమ్మ. "మా అక్కది ఎడమచేతివాటం. ఇక వెలిగించండి. పైవాటా ఆవిడ పిలిచినా వెళ్ళకండి."