దొర తీగా, అయిదు మూకుళ్లూ

ఒట్టు. ఇందులో ప్రతి మాటా నిజం. మిల్లులో బాయిలరు మండుతుండగా దాని ఇనప తలుపు మీద కుడి అరచెయ్యి ఆనించి వేసిన ఒట్టు ఇది. మచ్చ ఇప్పటికీ ఉంది, అడిగినవాళ్లకి చూపిస్తాను. అట్లపెనం అంటుకుని పడిన మచ్చ అని మా ఆవిడ అంటుంది. ఆవిడ మాట పట్టించుకోకండి. రంగూన్‌లో పజుండాంగ్ కాలవలో ఎద్దుని మింగిన మొసలిని చూశానని చెప్పినప్పుడు కూడా ఆవిడ నమ్మలేదు. తరవాత విచారిస్తే అది ఎద్దు కాదు, దూడ అని తేలింది. తేడా అంతే.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి అయిదారేళ్లయి ఉంటుంది. నేను ఆ కాలవ ఒడ్డునే ఒక బియ్యం మిల్లులో ఇంజను దగ్గర పని చేసేవాణ్ణి. మా ఇంజనీరు దొర చలిదేశం మనిషి, ఒంటిగాడు. వాళ్ల తాతా తండ్రీ ఇంట్లోనే బీరు కాచుకునేవారట. ఓడలో వచ్చే సీసా బీరు రంగూన్ ఎండకి చచ్చి, మురికినీళ్లలా అయిపోతుందని ఆయన దిగులు.

ఒకరోజు నన్ను ఇంజను వెనక్కి పిలిచి, బిస్కట్ల డబ్బా మూత తీశాడు. తడి నాచు మధ్య ఎండు అల్లంలాంటి వేరుముక్క ఉంది. సగం హిందూస్తానీలో, సగం చేతుల్తో చెప్పాడు: దీని పేరు హాప్స్, తీగ పాకుతుంది, ఆకుపచ్చటి పువ్వులు పూస్తుంది, ఆ పువ్వు వేస్తేనే బీరుకి చేదూ, పాడవకుండా నిలవుండే గుణమూ. తన బంగళాలో నాటడానికి లేదు. పక్క బంగళా మేనేజరు దొర ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి, తాగుడు పేరెత్తితే మండిపడతాడు. కాబట్టి తీగ మా పెరట్లో పెరగాలి, గింజలు బస్తాల లెక్కన నేనే కొని మా ఇంట్లోనే దింపాలి. అబ్కారీ వాళ్ల కాగితాల సంగతి తను చూసుకుంటానన్నాడు. చూసుకున్నాడో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇంతమందిలో నన్నే ఎందుకు పిలిచాడు? నేను నిజం చెప్పినా ఎవరూ నమ్మరని మిల్లంతటికీ తెలుసు. గుట్టు దాచడానికి అంతకన్నా గట్టి పెట్టె ఎక్కడ దొరుకుతుంది?

చిక్కల్లా మా ఆవిడతో. ఆవిడ విశాఖపట్నం రేవులో స్టీమరు ఎక్కేముందే నా చేత ఒట్టు వేయించుకుంది. "రంగంలో కల్లు దుకాణం గడప నువ్వు తొక్కినావంటే, ఆ రోజే నాను స్టీమరు తొక్కుతాను" అంది. రంగం అంటే మా వాళ్ల నోట రంగూనే. సముద్రం మీద నాలుగు రోజులు కడుపులో ఏమీ నిలవక వచ్చిన మనిషి, మళ్లీ ఆ నాలుగు రోజులూ పడడానికి సిద్ధమని చెప్పిందంటే ఉత్త మాట కాదు. బీరు కాచడం తాగడం కిందికి రాదని నా వాదన. ఆ వాదన ఆవిడ ముందు పెట్టే ధైర్యం లేక, తీగ దొరగారి కడుపునొప్పికి మందు అని చెప్పాను.

తీగ లేచింది. వానాకాలంలో దాని దూకుడు ఏం చెప్పను, నేను అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేలోగా జానెడు పాకేది. కొబ్బరితాడుకి నేను ఎడమవైపుగా చుట్టి కడితే, తెల్లారేసరికి విప్పుకుని కుడివైపుగా చుట్టుకునేది. మొండితనంలో దానికీ మా ఆవిడకీ చుట్టరికం ఉందనిపించేది. వానలు వెనకబట్టే వేళకి పూసింది. బొటనవేలంత పువ్వులు, పొలుసు మీద పొలుసుగా, నలిపితే చేతికి పసుపు పొడి అంటేది.

తీగకి ఆసరాగా ఉన్న పాత రాట తడికి అడుగున పుచ్చిపోయింది. ఒక శుక్రవారం పొద్దున్నే కొత్త వెదురు రాట పాతాను. ఎర్రచీమలు ఎక్కకుండా దానికి పైనుంచి కిందిదాకా పసుపు మెత్తాను. ఇంట్లో చీమలు పడితే మా అమ్మ చేసే పనే అది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక గింజలు. బార్లీ కావాలని దొర మాట. గింజని మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, అప్పుడు కాచాలి. మొలక రాని గింజ బీరుకి పనికిరాదు. పజుండాంగ్ బజారులో ఒక బర్మా ఆవిడ గింజల కొట్టు ఉండేది. భర్త పోయాక కొట్టు తనే నడిపేది. వాళ్ల మాటలో అక్క అన్నట్టు 'అమా' అని పిలిచేవాణ్ణి. బస్తాల లెక్కన కావాలంటే, "ఏం అకో, ఇంట్లో ఏనుగుని కట్టావా?" అని నవ్వింది. అకో అంటే అన్న. బస్తాలు కొనేముందు గింజలో ప్రాణం ఉందో లేదో చూసుకోవాలి కదా. అందుకని ఆమె దగ్గర బార్లీ, గోధుమలు, జొన్నలు, వడ్లు, కొందరు రాగులనే మా చోళ్లు తలా గుప్పెడు తెచ్చాను. అయిదు మట్టిమూకుళ్లలో తడిమన్ను పోసి, ఒక్కో రకం ఒక్కో మూకుట్లో చల్లి, పెరటిగోడ నీడన వరసగా పెట్టాను. రోజూ పొద్దునా సాయంత్రం చేత్తో నీళ్లు చిలకరించాను.

బార్లీ మొలవలేదు. రోగులకి గంజి కాచే బార్లీ కదా, పైపొర గీసేసి తెల్లగా నున్నగా ఉంటుంది, ఇంకేం మొలుస్తుంది. చోళ్లు మాత్రం మూడో రోజుకి మూకుడు నిండా పచ్చగా లేచాయి. దొరకి చూపిస్తే గడ్డం గోక్కుని, సరే చోళ్లతోనే కాద్దాం అన్నాడు. రెండు బస్తాలు చెప్పాను.

మా పక్కింట్లో గంజాం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. అందరికీ అత్త. ఆవిడ ఆ తీగ ఏమిటని అడిగితే, దొరసానమ్మకి ఇష్టమైన పూలతీగ అని చెప్పాను. నా పొరపాటల్లా ఒకే తీగ గురించి ఇద్దరు ఆడవాళ్లకి రెండు కథలు చెప్పడం. కుళాయి దగ్గర ఆ రెండు కథలూ ఒకదానికొకటి ఎదురుపడ్డాయి.

"ఓలమ్మి, దొరకి పెళ్లాం ఉందేటి?" అందట అత్త.

"నేదత్తా."

"మరి దొరసాని పూలంటాడేటి నీ పెనిమిటి? పెరట్లో పసుపు రాట ఏసినాడు, సూసినావా? మూకుళ్లల్ల మొలకలు సూసినావా?"

మా వాళ్లలో పెళ్లికి ముందు పాలికలు పోస్తారు. మూకుళ్లలో మన్ను పోసి, గింజలు చల్లి, నీళ్లు చిలకరించి మొలకలు తెప్పిస్తారు. పెళ్లయ్యాక వాటిని నీళ్లలో కలుపుతారు. రాటకి పసుపు రాసేదీ పెళ్లికే. రంగూన్‌లో మా మగవాళ్లకి రెండో గడప ఉండడం ఆ రోజుల్లో ఎవరికీ కొత్త కాదు. ఆ రోజునుంచీ నేను ముఖం కడుక్కున్నా సరే, మా ఆవిడ "ఎవులి కోసం?" అని అడిగేది. ఎందుకో నాకు అర్థం కాలేదు. ముసిముసి నవ్వులు నవ్వాను. అది ఇంకా చెరుపు చేసింది.

ఆ తరవాత నేను మిల్లులో ఉండగా బస్తాలు దిగాయి. సాయంత్రం వచ్చేసరికి మా ఆవిడ పెరట్లో తన రేకుపెట్టె మీద కూచుని ఉంది. పెట్టెకి తాడు బిగించి ఉంది. ఎదురుగా రెండు బస్తాలు. బస్తాల మీద ఒక అత్తం అరటిపళ్లు, ఒక కొబ్బరికాయ.

"ఏటే, పెట్టె బైటెట్టినావు?" అన్నాను.

"ఇయి ఎవులంపినారు మావా?"

"సోళ్లే. బజారు నుంచి."

"సోళ్ల మాట అడగనేదు. టెంకాయి ఎవులంపినారు?"

"ఆ కొట్టుకాడి బర్మా ఆవిడ."

"మొగుడున్నాడా?"

"ఎవులికి?"

"నాకున్నాడో నేడో తెల్దు. ఆయమ్మికున్నాడా?"

"పోనాడు, పాపం."

ఆ 'పాపం' నా నోట ఎందుకు వచ్చిందో తెలియదు. దాంతో నా వ్యాజ్యం సగం ఓడిపోయింది. మొదటిసారి పెద్ద బేరం కుదిరితే కొట్టులో దేవతకి పెట్టిన కాయా పళ్లూ కొన్నవాళ్లకి పంపించడం ఆమె మర్యాద. మా ఆవిడ కంటికి అది నిశ్చయ తాంబూలం.

"రాటకి పసుపు పూసినావు. పాలికలు పోసినావు. పెళ్లి భోజనాలకి బస్తాలు దింపినావు. తాంబూలం వొచ్చీసింది. ఇంక సన్నాయోడు రావాల, అంతేనా?"

నా ముందు రెండే దారులున్నాయి. పెళ్లి కాదంటే బీరని ఒప్పుకోవాలి. బీరంటే ఒట్టు తప్పినవాణ్ణవుతాను. మూడో దారి కోసం నోరు తెరిచాను.

"కత సెప్పకు" అంది.

చెప్పలేదు. దొర, వేరు, పువ్వు, గింజ, అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక ఒక్క గుక్కలో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ చివరిదాకా విని, "నువ్వాడిన అబద్దాలన్నిట్లోకీ ఇదే సెత్తది" అంది. "అంబలి గింజలు నానేసి తెల్లదొర తాగుతాడేటి?"

తరవాత తీర్పు చెప్పింది. ఇవాళ్టికి పన్నెండో రోజున స్టీమరు ఉంది. అంతలోగా ఆవిడ కళ్లెదుట బీరు కాయాలి. దొర వచ్చి తాగాలి. "తాగినాడా, నీ మాట నిజం. నేకపోతే నాను పోతాను, నువ్వు ఆ రాట కాడే ఆయమ్మిని కట్టుకో." పెట్టెకి కట్టిన తాడు విప్పలేదు. అన్నం కూడా ఆ పెట్టె మీదే కూచుని తినేది.

చోళ్లు నానబోశాను. రెండో రోజుకి పులిసిన కంపు. ఆవిడ ముక్కు మూసుకుని ఒక పూట చూసింది. రెండో పూటకి లేచి వచ్చింది. "ఇలాగేటి నానబెట్టీది? గింజ ఊపిరాడక సస్తంది. లెగు." అంబలి పిండికి చోళ్లు మొలకలు కట్టడం ఆవిడకి చిన్నప్పటి విద్య. పాడైనవి పారబోసి, కొత్తగా ఒక పగలు నానబెట్టి, వడేసి, తడి గోనెలో మూటగట్టి పైన సన్నికల్లు పెట్టింది. పూటపూటకీ మూట విప్పి, చెయ్యి పెట్టి వేడి చూసి, తిరగదిప్పి, నీళ్లు చిలకరించింది. ఆవగింజంత తెల్లమొలక రాగానే చాప మీద ఎండేసి, పెనం మీద దోరగా వేయించి, రోట్లో నలగ్గొట్టింది. నాకు సాక్ష్యం కావలసిన పనంతా నన్ను అనుమానించిన మనిషే చేసింది. మధ్యమధ్య తలెత్తి, "ఇదంతా పెళ్లి వంట కాదు గదా?" అని అడిగేది.

వేలు పెడితే ఓర్చుకునే వేడినీళ్లలో ఆ పిండి కలిపి, వడకట్టి, ఆ నీళ్లు కాచి, పువ్వులన్నీ కోసి అందులో వేశాం. చల్లారాక పొంగడానికి కల్లు అడుగుమడ్డి కావాలి. దుకాణం గడప నేను తొక్కకూడదు కాబట్టి పక్కింటి అత్త వెళ్లి తెచ్చింది. వెళ్లడానికి ఎంత సమయం పట్టిందో, రావడానికి అంతకు రెండింతలు పట్టింది. ఎందుకో నేను అడగలేదు. కుండ మూతికి గుడ్డ కట్టి నాలుగు రోజులు ఉంచాం. ఆ కుండకీ నాకూ మధ్య మా ఆవిడ పెట్టె వేసుకుని కూచుంది.

పన్నెండో రోజు శనివారం. మిల్లు ఒంటిపూట. దొర టోపీతో మా పెరట్లోకి వంగి వచ్చాడు. మా ఆవిడ గ్లాసు నింపి నా చేతికివ్వలేదు, తనే ఆయన ముందు పెట్టింది. దొర ఒక గుక్క తాగి ఆగాడు. రెండో గుక్కకి కళ్లు మూసుకున్నాడు. నదిమీద స్టీమరు మొదటి కూత వేసింది. పువ్వులేవని దొర అడిగితే, అన్నీ కోసి కుండలో వేశామని చెప్పాను. మా ఆవిడ తలూపింది. దొర గ్లాసు ఖాళీ చేసి, టోపీ తీసి, మా ఆవిడకి తల వంచాడు. ఏదో అన్నాడు.

"ఏటంటన్నాడు?"

"వాళ్ల నాన్న కాసినట్టే ఉందంటన్నాడు."

"నువ్వు కల్పించినావేటో. ఇంకోపాలి అడుగు."

అడిగాను. అదే చెప్పి, గ్లాసు మళ్లీ చాపాడు. అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది. రెండో కూత వినబడింది. ఆవిడ పెట్టె మీదనుంచి లేచి, "లోపలెట్టు" అంది.

"నమ్మినావు గదా?"

"నేదు. నాను పోతే రేపే ఆ రాట కాడ పీటలేస్తావు. ఇక్కడే ఉండి సూస్తాను." గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "ఆ మూకుళ్లు కాలవలో కలిపీసి రా. పెళ్లివైనా కాకపోయినా, పాలికలు అలాగొదిలీకూడదు."

కలిపి వచ్చాను. ఆ బీరులో ఒక్క చుక్క నా నాలిక తాకలేదు. ఇదీ ఒట్టే.

ఇంతదాకా వచ్చాక ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ పువ్వులు నేను కల్పించినవి. తీగ రాటంతా అల్లుకుంది కానీ ఒక్క పువ్వూ పూయలేదు. రంగూన్ పొట్టి పగళ్లు దానికి నచ్చలేదేమో. కాచేరోజున నేను ఉత్త ఆకులకేసి చూస్తూ నిలబడిపోతే, మా ఆవిడ "సేదే గదా గావాల" అని లోపలికి పోయి, జ్వరాలకని ఊరినుంచి తెచ్చి దాచుకున్న ఎండు నేలవేము గుప్పెడు తెచ్చి కుండలో పడేసింది. దొర మెచ్చుకున్న చేదు ఆవిడ మందుడబ్బాలోది. పువ్వులు వేశామని నేను చెప్పినప్పుడు ఆవిడ తలూపిందన్నది మాత్రం నిజం. నా మాట ఒక్కటీ నమ్మని మనిషి, నా కోసం ఒక తెల్లదొర ముఖం మీద కన్నార్పకుండా అబద్ధమాడింది.

ఆవిడ ఆడిన అబద్ధం అదొక్కటే. పెట్టె దగ్గర ఆవిడ అన్న 'నేదు' గుర్తొస్తే, అదొక్కటేనా అని నాకు ఇప్పటికీ అనుమానం.