లిఫ్టులో మొదటి మనిషి

కాలేజీలో ఆమెను అందరూ డౌట్లమ్మ అనేవారు. కంప్యూటర్ ఇంజనీరింగ్ చదివినన్నాళ్ళూ, లెక్చరర్ పుస్తకం మూసి గుమ్మం దాటబోయే సమయానికి సరిగ్గా ఆమె చెయ్యి లేచేది. క్లాసంతా ఉసూరుమనేది. చదువయ్యాక ఆ క్లాసువాళ్ళు కొందరు బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌కి, కొందరు ఫోన్లలో ఆటలు తయారుచేసే కంపెనీలకి, ఒకామె వాతావరణం లెక్కలు కట్టే సంస్థకి వెళ్ళారు. డౌట్లమ్మ పోయి పోయి లిఫ్టుల కంపెనీలో చేరింది.

"కంప్యూటర్లు చదివి లిఫ్టులేంటమ్మా?" అని వాళ్ళ నాన్న బెంగపెట్టుకున్నాడు. ఆయన బస్సు డ్రైవరు. లిఫ్టు ఎక్కడ ఆగాలో, తలుపు ఎప్పుడు తెరవాలో చెప్పేది ఒక చిన్న కంప్యూటరనీ, దానికి ప్రోగ్రాం రాసేది తనేననీ ఎంత చెప్పినా ఆయనకు నమ్మకం కుదరలేదు. "బ్రేకు వెయ్యాలంటే కాలుండాలి కదా," అనేవాడు.

ఆ కంపెనీలో చీఫ్ మేడమ్ పెట్టిన పద్ధతి ఒకటుంది. ప్రోగ్రాం ఎవరు రాస్తే, లిఫ్టును కొన్నవాళ్ళకు అప్పగించే రోజున మొదట వాళ్ళే ఎక్కాలి. ఇంటివాళ్ళను వెంటబెట్టుకొస్తే ఆవిడకు మరీ సంతోషం. అందుకే ఆ రోజు కొత్త ఆసుపత్రి భవనానికి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. కూతురు మాత్రం ముళ్ళ మీద నిలబడినట్టుంది.

కారణం ఉంది. వారం కిందట ఆఫీసు బల్ల మీద, లిఫ్టుకు బదులు దీపాల బోర్డు తగిలించి ఆ ప్రోగ్రామును పరీక్షిస్తుండగా, లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఉన్నట్టు చూపిస్తున్నప్పుడు కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. అప్పుడు లిఫ్టు మెల్లగా దగ్గరి అంతస్తుకు చేరి, ఆ తర్వాతే తలుపు తెరవాలి. కానీ తలుపు తెరుచుకున్నట్టు చూపే దీపం ముందే వెలిగింది. లిఫ్టు తానెక్కడుందో మరిచిపోయి, చేరిపోయాననుకుందన్నమాట. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు ప్రయత్నించినా అలా జరగలేదు. సీనియర్‌తో చెప్పింది.

"మళ్ళీ వచ్చిందా?" అన్నాడతను.

"రాలేదు."

"మరింకేం. ఇప్పుడు అప్పగింత ఆగిందంటే ముందు ఊడేది నీ ఉద్యోగం. ఇంకా పర్మనెంట్ కూడా కాలేదు నువ్వు."

పుట్టి బుద్ధెరిగాక డౌట్లమ్మ ఒక డౌటును మింగెయ్యడం అదే మొదలు. అది గొంతులో వెలక్కాయలా అడ్డంపడి అక్కడే ఉండిపోయింది.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. అందరూ ఆమెకేసి చూశారు. మళ్ళీ రాలేదుగా, ఏమీ కాదులే అనుకుని, పళ్ళబిగువున ఒక కాలు లోపల పెట్టింది. ఆ వెనకే నాన్న కూడా ఎక్కబోయాడు. చొక్కా సర్దుకుంటూ, గుడిలోకి వెళుతున్నంత శ్రద్ధగా చెప్పులు విడవాలా అని కిందకు చూసుకుంటున్నాడు.

"ఎక్కకు నాన్నా," అంది. బయటికొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. తర్వాత చీఫ్ మేడమ్ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. సీనియర్ మొహం మాడిపోయింది.

మేడమ్ తిట్టలేదు. ఖాళీ లిఫ్టునే నడపమంది. రెండో అంతస్తు గుమ్మం తెరిచి, ఎవరూ పడకుండా అడ్డం పెట్టించి, అందరూ అక్కడ నిలబడ్డారు. లిఫ్టు కదలగానే ఎలక్ట్రీషియన్ కరెంటు తీసి, వెంటనే మళ్ళీ వేశాడు. లిఫ్టు బుద్ధిగా వచ్చి అంతస్తు దగ్గర ఆగింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ బుద్ధిగానే ఆగింది. అలా ఎంతసేపు గడిచిందో. సీనియర్ వాచీ చూసుకుని గట్టిగా నిట్టూర్చాడు. అందరూ విసిగిపోయారు. చెడిపోవాలని తన ప్రోగ్రామును తనే వేడుకోవాల్సి వచ్చినందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

"ఇంకొక్కసారి," అంది మేడమ్.

లిఫ్టు సగంలో ఆగింది. దాని నేల వాళ్ళ నడుము ఎత్తున ఉంది. అక్కడే తలుపు తీరిగ్గా తెరుచుకుంది. కింద చీకటి గొయ్యి. లోపల మనిషుంటే, వచ్చేశామనుకుని కాలు బయట పెట్టేవాడు.

"వారం నుంచి తెలిసీ ఇప్పుడా చెప్పేది?" అంది మేడమ్. "నీ ఉద్యోగం సంగతి రేపు చూద్దాం. ముందు దీని సంగతి చూడు." సీనియర్‌ను తన వెంట రమ్మని వెళ్ళిపోయింది.

నాన్న ఆ గొయ్యికేసే చూస్తూ ఉన్నాడు. "నేనెక్కుతున్నానని ఆపావు. సరే," అన్నాడు చివరికి. "నేను రాకపోయుంటే?"

అబద్ధమాడొచ్చు. ఆయనతో ఎప్పుడూ ఆడలేదు.

"ఎక్కేదాన్ని నాన్నా."

ఆయన ఆమెకేసి తిరిగాడు. "నా ప్రాణమైతే ప్రాణం, నీదైతే కాదా?"

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని మెట్లవైపు నడిచాడు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా పట్టుకున్నాడు. కిందికి దిగేదాకా వదల్లేదు.