ఆకుకి చోటు

చిత్ర వేళ్ల సందుల్లో ఎప్పుడూ గంజి వాసన ఉండేది. సేత్తూరు నుంచి కోడలిగా రాజపాళయం వచ్చిన కొత్తలోనే ఆమెకు బాల్వాడిలో టీచరు పని దొరికింది. పలక పట్టేముందు పిల్లలు అక్షరాన్ని వేలితో తడమాలన్నది ఆమె పట్టు. భర్త కాళియప్పన్‌ది సత్రపట్టిలో గాయాలకు కట్టే గుడ్డ నేసే మగ్గాల దగ్గర పని. అతను తెచ్చిన ముక్కగుడ్డను గంజిలో ముంచి, తాడులా మెలిపెట్టి, అట్టల మీద అరవ అక్షరాలుగా అంటించేది. ఎండాక అవి గరుకుగా, ఉబ్బెత్తుగా నిలిచేవి. ఒక్కో అట్ట ముందు ఒక కొబ్బరిచిప్ప. బొమ్మ పేరు ఏ అక్షరంతో మొదలైతే ఆ చిప్పలో బొమ్మ వేయాలి.

తంటా అంతా ఆకు బొమ్మతోనే. అరవంలో ఆకు అంటే ‘ఇలై’, కాబట్టి అది ‘ఇ’ చిప్పలో పడాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు మాత్రం నేరుగా ‘ఆ’ చిప్పలో వేసేవాళ్లు. అందరిలోకీ మొండిది చిత్ర కూతురు దర్శిని.

“ఇది ఏందే?” అని అడిగేది చిత్ర.

“ఆకు.”

“ఇస్కూల్లో ఏమనాల?”

“ఇలై.”

“మరి యాడ వెయ్యాల?”

“ఆకు చిప్పలో!”

ఆయా పాపాత్తి పడీ పడీ నవ్వేది. “కన్నకూతురికే చెప్పలేనిదానివి, ఊరి పిల్లోళ్లకి ఏం చెప్తావే?”

చిత్ర బొమ్మను తీసి ‘ఇ’ చిప్పలో వేసేది. దర్శిని మళ్లీ తీసి ‘ఆ’ చిప్పలో వేసేది. ఒకసారి ‘ఆ’ అక్షరం తడి ఆరకముందే దాని మీద బొటనవేలు నొక్కింది. చిన్న గుంట పడింది. చిత్ర కసిరింది గానీ, పని తొందరలో దాన్ని సరిచేయలేదు.

ఐప్పసి నెల వానలప్పుడు దర్శినికి జ్వరం వచ్చింది. మదురై ఆస్పత్రిలో పిల్ల పోయింది.

మళ్లీ పనిలో చేరిన రోజే చిత్ర ‘ఆ’ అట్టను కొంగు చాటున ఇంటికి తెచ్చి చీరల మధ్య పెట్టుకుంది. బాల్వాడికి ఇంకొకటి చేద్దామని గంజి కాచేది. మొదటి వంపు తిప్పేసరికి చేయి ఆగిపోయేది. గంజి తీసుకుపోయి కనకాంబరం మొక్కకు పోసేది.

కొత్త పిల్లలు వచ్చారు. వరసగా అట్టలు తడుముతూ “అ, ఇ, ఈ” అని పాడేవాళ్లు. పాపాత్తి కొన్నాళ్లు ఊరుకుంది. చివరికి ఉండబట్టలేక అంది.

“చిత్రా, పిల్లోళ్లు తప్పు నేర్చుకుంటా ఉండారే.”

“తెలుసు అక్కా.”

“రేపు పెద్ద ఇస్కూలుకి పోతే నవ్వేది వాళ్లని చూసి. నిన్ను కాదు.”



ఆ మధ్యాహ్నం మీరా అనే పిల్ల ఆకు బొమ్మ పట్టుకుని చిప్పలన్నీ తిరిగి వచ్చింది. మొహం చిన్నబుచ్చుకుని, “టీచర్, ఆకుకి చోటు లేదు,” అంది.

మర్నాడు చీరల మధ్య నుంచి అట్ట బయటికి వచ్చింది. మీరా వేలు అక్షరం మీద నడిచి నడిచి ఒకచోట ఆగింది.

“ఇక్కడ గుంట ఉండాది టీచర్.”

“ఉండాది. మెల్లగా పో తల్లీ.”

మీరా ఆకును ‘ఆ’ చిప్పలో వేసి తలెత్తి చూసింది. చిత్ర కొంతసేపు ఆ ఆకునే చూస్తూ కూర్చుంది. తర్వాత బొమ్మ తీసి పిల్ల చేతిలో పెట్టి, ఆ చేయి పట్టుకుని ‘ఇ’ వైపు తిప్పింది.

“ఇస్కూల్లో ఇలై అనాల,” అంది.

మళ్లీ వానలు వచ్చేసరికి తేమకు అక్షరాలన్నీ మెత్తబడ్డాయి. వాటికి మళ్లీ పూయడానికి పాపాత్తి గంజి కాచి తెచ్చింది గానీ, ‘ఆ’ అట్ట దగ్గర చేయి వెనక్కి తీసుకుంది.

“దీన్ని వదిలేద్దామా? గంజి పెడితే గుంట పూడిపోతాది.”

చిత్ర అట్ట ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో అక్షరం పొడుగునా తడిమింది. మళ్లీ మొదటి నుంచి తడిమింది. పిల్లల వేళ్లు తిరిగి తిరిగి అక్షరమంతా చదునైపోయింది; గుంట ఎక్కడుందో వేలికి అందలేదు.

“పెట్టు అక్కా,” అంది.