పొయ్యి దాకా వినిపించిన నీళ్లు

మొదటి ఏడాది వాళ్లు నా పక్కన విడిచి వెళ్లిన చెప్పులు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉన్నాయి. ఉసిరిచెట్టు కింద, పొయ్యికి కొంచెం ఎడంగా వరుసగా పెట్టారు. మామగారి తోలుచెప్పులు, మా ఆయన రబ్బరు చెప్పులు, చివర్లో మా తోడికోడలి ఎర్రపట్టీల జోడు. పైకి పోయే దారంతా తడిరాళ్లు, పాచి. వట్టి కాళ్లతోనే ఎక్కాలి. అందుకని చెప్పులన్నీ నాకు అప్పగించి, చీరలు ఎగదోపుకుని, నవ్వుకుంటూ చెట్లలోకి వెళ్లిపోయారు. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు. వాళ్లు కనపడకుండా పోయేదాకా నేను చూస్తూనే ఉన్నాను కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు.

అది డెబ్బైల చివర. పెళ్లయి తిరుపతికి వచ్చాక నా మొదటి కార్తీకం. అత్తగారింటి వాళ్లకు పప్పుల అంగడి ఉండేది. ఏటా కార్తీకంలో ఒక రోజు అంగడి మూసి, సరుకులు తోలే లారీలోనే ఇంటిల్లిపాదీ వనభోజనానికి ఉబ్బలమడుగు కోనకు పోయేవాళ్లం. శ్రీకాళహస్తి దాటి, వరదయ్యపాలెం దాటి, అడవి అంచున లారీ దిగి ఏటి వెంబడి నడిస్తే మొదటి మడుగు వస్తుంది. దాని గట్టున ఉసిరిచెట్టు. వంట అక్కడే. నీళ్లు దూకే చోటు ఇంకా పైన, రాళ్ల మీదుగా ఎక్కితే వస్తుంది.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఇంటికి అందరికంటే చివరగా వచ్చిన కోడలు వనభోజనం పొయ్యి ముట్టించాలి. మూడు రాళ్లకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఎండుపుల్లలు పేర్చి నేను అగ్గిపుల్ల గీశాను. అందరూ నిలబడి చూశారు. నాకు గొప్పగానే అనిపించింది. అప్పుడు తోడికోడలు నా చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"ముట్టించినోళ్లు ఆ నిప్పును ఇడిసి పోగూడదమ్మే. ఆకరి ఇస్తరాకు ఎత్తేదాకా నువ్వు ఈడే ఉండాల."

అడవిలో నిప్పు కదా, నిజమే అనుకున్నాను. పప్పు ఉడికింది, కలగూర ఉడికింది, అన్నం వార్చాను. కోతుల్ని అదిలించాను. వాళ్లు తలలు తడుపుకుని, ఆకలి మీద తిరిగొచ్చారు. తోడికోడలు నా ముందు నిలబడి జుట్టు పిండుకుంటూ, "అయ్యో, నువ్వు రాకపోతివే! ఏం నీళ్లు, ఏం నీళ్లు!" అంది. అందరూ తినేసరికి పొద్దు వాలింది. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఇంటికి వచ్చేశాం.

రాకపోవడం వేరు, పిలవకపోవడం వేరు. ఆ రెంటినీ ఆమె ఒకటి చేసి మాట్లాడిన తీరు నేను మర్చిపోలేదు.

నీళ్లు చూడకపోతే ఏం పోయింది, ఇంత పట్టింపా అని మా ఆయన తర్వాతి కాలంలో చాలాసార్లు అన్నాడు. ఆయనకు తెలియదు. నేను పుట్టింది పులికాట్ ఒడ్డున. మా ఇంటి వెనక తలుపు తీస్తే సరస్సే. దానికి అలలుండవు, చప్పుడుండదు. పడవలు దాని మీద నడుస్తున్నట్టు కాక, నిద్రలో పక్కకు ఒత్తిగిల్లినట్టు కదిలేవి. అటు తిరిగితే పడమరన, పొలాలకు అవతల, నీలంగా కొండల వరుస. ఆ వరుసలో ఒక చోట చిన్న నొక్కు, అదే ఉబ్బలమడుగు కోన. నాయన చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని ఆ నొక్కు చూపించేవాడు. ఒకసారి తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ ఆయన ఆ కోన దాకా పోయాడట. ఎద్దు దొరకలేదు. నీళ్లు దూకే చోటికి పైన ఒక బండ ఉంది, దాని మీద నిలబడితే మన సరస్సు మొత్తం కనపడుతుందని చెప్పేవాడు.

"ఎట్టుంటాది నాయనా?" అనేదాన్ని.

"కంచంలో పాలు పోసినట్టు ఉంటాది. కదిలిస్తే ఒలికిపోతాదేమో అని నేను దగ్గు కూడా ఆపుకున్యా."

రోజూ చూసే ఇంటిని అంత దూరం నుంచి, అంత పై నుంచి ఒక్కసారి చూడాలని నాకు అప్పటినుంచీ ఉండేది. పెళ్లి సంబంధం కుదిరినప్పుడు, వాళ్లు ఏటా ఆ కోనకు పోతారని విని నాయన నాకంటే ఎక్కువ సంతోషపడ్డాడు. పుట్టింటికి పోయిన ప్రతిసారీ గడపలోనే అడిగేవాడు, "సూసినావా?" అని. కాళ్లు కడుక్కోక ముందే "లేదు" అని చెప్పాల్సి వచ్చేది.

రెండో ఏడు కూడా పొయ్యి నాదే. మూడో ఏడూ నాదే. మా మరిది పెళ్లి మాటెత్తితే లేచి వెళ్లిపోయేవాడు, ఇంక కొత్త కోడలు ఎక్కడినుంచి వస్తుంది? నేను నోరు తెరిచి అడగలేదు. పిలవాల్సింది వాళ్లు. అడుక్కుని చూస్తే అది చూసినట్టు కాదని నా లెక్క. ఆ లెక్క తప్పని ఇప్పటికీ ఒప్పుకోను.

అయితే ఆ పొయ్యి దగ్గర కూర్చున్న గంటలు నాకు వేరే లోకంలా ఉండేవి. మనుషులంతా పోయాక అడవి మెల్లగా దగ్గరికి జరిగేది. పైనుంచి నీళ్ల చప్పుడు వచ్చేది. చెవి పెట్టి వింటే వినపడదు, వేరే ఏదో ఆలోచిస్తుంటే వినపడుతుంది. పక్కగదిలో పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే సగం నిద్రలో వినే పిల్లల్లాగా వినేదాన్ని. పొగ మద్దిచెట్ల మధ్యన నిలబడిపోయేది. మడుగులోకి పైనుంచి ఆకులు తేలుతూ వచ్చేవి. ఒక్కో ఆకు అక్కడి సంగతి ఏదో మోసుకొచ్చి, నాకు చెప్పకుండా తిరిగి తిరిగి కిందికి పోయేది. మూడో ఏడు ఆకుల వెనకే ఒక కనకాంబరాల మూర వచ్చింది. తోడికోడలి తలలోది. పొద్దున లారీలో నేనే కట్టి ఇచ్చాను. అది ఒక రాయికి తగులుకుని అక్కడే ఊగుతూ ఉండిపోయింది. నేను కట్టిన పూలు కూడా పైకి పోయి నీళ్లు చూసి వచ్చాయి. నేను మాత్రం గరిటె పట్టుకుని కూర్చున్నాను.

నాలుగో ఏడు రాళ్లకు పసుపు పూశాను. కుంకుమ పెట్టాను. పుల్లలు పేర్చాను. అగ్గిపెట్టె చేతిలో పట్టుకుని, కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను.

"ఏమ్మే, పొద్దెక్కతా ఉండాది, ముట్టించు," అంది తోడికోడలు.

"ముట్టించను."

"ఏం, అగ్గిపుల్లలు తడిసినాయా?"

"పుల్లలు బాగుండాయి. నేనే ముట్టించను."

మా బావగారు నవ్వబోయి ఆపుకున్నాడు. మా ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా, "అందరి ముందరా ఏందే ఇది? ఇంటికి పోయినాక మాట్లాడుకుందాం," అన్నాడు.

"ఇంటికి పోతే ఆడ పొయ్యి వేరే. ఈ పొయ్యి సంగతి ఈడే."

అత్తగారు మడుగులో కాళ్లు కడుక్కుంటూ ఇదంతా వింటోంది. తక్కువ మాటల మనిషి. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏం కావాల నీకు?"

"నేను పైకి పోవాల అత్తా."

ఆమె నన్ను వింతగా చూసింది. "నీకు నీళ్లంటే బయం గదా?"

"ఎవురికి?"

"నీకే. నీళ్ల చప్పుడింటే తల తిరుగుతాదని, నిన్ను బలవంతం చేయొద్దని చెప్పింటిరి గదా."

ఎవరు చెప్పారో నేను అడగలేదు. అత్తగారు తోడికోడలి వైపు తిరగడం చూశాను, అంతే చాలు. సరస్సు ఒడ్డున పుట్టినదాన్ని, నడక రాకముందే పడవ ఎక్కినదాన్ని. నాకు నీళ్లంటే భయమని ఆ ఇంట్లో మూడేళ్లు అందరూ నమ్ముతూ వచ్చారు. జాలి కూడా పడ్డారేమో.

"నాకు బయమా? పులికాట్లో పుట్టినదాన్ని నేను!"

"ముట్టించినోళ్లే ఉండాలనేది ఆనవాయితీ గదా అత్తా," అంది తోడికోడలు, మాట మార్చడానికి.

"ఏం ఆనవాయితీ? నిప్పు కాడ ఎవురో ఒకరు ఉండాలన్యా. ముట్టించినోళ్లే ఉండాలని ఎప్పుడన్యా? నువ్వొచ్చిన ఏడు నువ్వు ముట్టించి ఎగురుకుంటా పైకి పోతివి. ఈడ గరిటె పట్టుకోని కూచునింది ఎవురు, నేను గాదా?"

తోడికోడలి మొహం ఎర్రబడింది. నా మీదికి తిరిగింది. "అడిగింటే నేనేమన్నా పోవద్దంటినా? నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు కూచుంటే ఎవురికి తెలుస్తాది?"

"ఈ పొద్దు నువ్వు కూచో," అంది అత్తగారు. నేను అగ్గిపుల్ల గీసి, మంట అంటుకునేదాకా ఊది, లేచాను. నా చెప్పులు విడిచి వరుసలో పెట్టాను. ఎర్రపట్టీల జోడు పక్కనే.

ఆ దారి ఇప్పుడు తలచుకుంటే నడిచినట్టు ఉండదు, ఎవరో ఎత్తుకుని తీసుకుపోయినట్టు ఉంటుంది. ఏరు ఒకసారి కుడిపక్క, ఒకసారి ఎడమపక్క. దాటిన ప్రతిసారీ నీళ్లు ఇంకొంచెం చల్లన. రాళ్లు ఏనుగుపిల్లలు పడుకున్నట్టు నున్నగా ఉన్నాయి. చప్పుడు పెద్దదవుతూ వచ్చి, ఒక మలుపు తిరిగేసరికి అది ఇక చప్పుడు కాదు, గాలే అదైపోయింది. ఎదురుగా నీళ్లు. తొందరేమీ లేనట్టు, పైనుంచి తెల్లగా జారుతూ దిగుతున్నాయి. వాటి తుంపర ఎండలో నిలబడి నా మొహానికి తగిలింది. అందరూ ఆ నీళ్లు పడే మడుగులోకి దిగి కేకలు పెట్టారు. ఎవరేమన్నారో నాకు ఒక్క ముక్క వినపడలేదు. అదీ మంచిదే.

నేను మడుగులో దిగలేదు. పక్కనుంచి చెట్ల వేళ్లు పట్టుకుని పైకి ఎక్కాను. మా ఆయన వద్దు వద్దంటూనే వెనక వచ్చాడు. నాయన చెప్పిన బండ ఉంది. దాని మీద నిలబడి తూర్పుకు చూశాను. మొదట ఏమీ లేదు. అడవి, దాని అవతల పొలాలు, దాని అవతల మబ్బు పట్టిన బూడిదరంగు. నేను అలాగే నిలబడ్డాను. "పోదాం రా," అన్నాడు మా ఆయన. నేను కదల్లేదు. అప్పుడు మబ్బు కొంచెం పక్కకు తప్పుకుంది. ఆకాశం అంచున, ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒక మెరుపు పరుచుకుంది. కళ్లు చికిలించాల్సి వచ్చింది. దాని ఒడ్డున ఎక్కడో మా వెనక తలుపు. నా ఊపిరి చప్పుడు నాకే ఎక్కువనిపించింది. మళ్లీ మబ్బు మూసుకుంది.

కిందికి వచ్చేసరికి అన్నం అడుగంటింది. తోడికోడలు పొయ్యి వైపు తిరిగి కూర్చుని ఉంది. నీళ్లెట్లున్నాయని నన్ను అడగలేదు. ఆమె కావాలనే మాడ్చిందని నేను ఇప్పటికీ అంటాను. అందరూ మాడువాసన అన్నారు. నేను మాత్రం రెండోసారి వడ్డించుకుని తిన్నాను.

ఆ నెలలోనే పుట్టింటికి పోయాను. గడపలో నాయన అడగకముందే చెప్పాను.

"సూసినా నాయనా."

ఆయన కూర్చున్నచోటి నుంచి లేచాడు. "కంచంలో పాలు పోసినట్టు ఉండ్లా?"

"పాలు కాదు నాయనా. తోమిన వెండికంచం ఎండలో పెట్టినట్టు ఉండాది. కండ్లు మూసుకోవాల్సొచ్చె."

"వెండి యాడిది? పాలే."

"నేను పొద్దున్నే సూసినా. నువ్వు సాయంత్రం పోయింటావు. ఎండ మారింటాది."

"పొద్దునైనా సాయంత్రమైనా పాలు పాలే గదమ్మా. నువ్వు ఇంకేదో బండెక్కి ఇంకేదో సూసినావు."

అన్నం తినేదాకా వాదించాం, తిన్నాక కూడా వాదించాం. ఆయన పట్టు విడవలేదు, నేనూ విడవలేదు. చీకటి పడేముందు ఇద్దరం వెనక తలుపు దగ్గర కూర్చున్నాం. సరస్సు మీద వెలుతురు తగ్గి, నీళ్లు తెల్లగా, చిక్కగా, కదలకుండా ఉన్నాయి. ఆయన వేలు పెట్టి చూపించి నా వైపు చూశాడు. నేను పడమటికి తిరిగి, కొండల నొక్కులో నేను నిలబడిన బండ ఎక్కడుంటుందా అని వెతుక్కుంటూ కూర్చున్నాను.

కన్ను మూసేదాకా నాయన నా మాట నమ్మలేదు. అదీ నేను మర్చిపోలేదు.